కొండలో ఉండిపోయిన తల

చెల్లెలితో కలిసి కొండచరియలో పలకరాళ్లు చీల్చే ఆ పెద్దాయనకు ఒక అలవాటు ఉండేది. ఏ బండ కిందికి వంగాలన్నా ముందు సుత్తితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వినేవాడు. గంటలా ఖంగుమంటే లోపలికి వెళ్లేవాడు. ఖాళీ కుండలా మోగితే బండ లోపల విడిపోయిందన్నమాట. మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగేవాడు.

ఆ ఉదయం ఆయన చీల్చిన పలకలో, ఒకనాటి సముద్రంలో తిరిగిన పురుగు ఒకటి అచ్చుపడి కనిపించింది. దువ్వెన పళ్లలాంటి కాళ్లు, అతుకులతుకుల ఒళ్లు. అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు. పలక మెడ దగ్గర విరగడంతో తల మాత్రం బండ కిందే ఉండిపోయింది. “కోట్ల ఏళ్లు ఆగింది, ఈ పూట ఆగలేదా అన్నయ్యా? పొద్దుటినుంచీ పైనుంచి మట్టి రాలుతోంది” అంది చెల్లెలు. “అది ఆగుతుందే, ముసురుకొస్తున్న వాన ఆగదు. రాత్రికి కొట్టుకుపోతే ఈ మొండేన్ని ఏం చేసుకోను?” అంటూ ఆయన బండను తట్టాడు. కుండ మోత. పలకలు పేరుస్తున్న ఆమెకూ స్పష్టంగా వినిపించింది. ఆయన ఆమె వైపు తిరిగి నవ్వాడు. “గంటలా మోగింది, విన్నావుగా?” అన్నాడు. అన్నయ్య తనతో అబద్ధమాడటం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆమె చేతిలోని పలక కింద పెట్టేలోగా ఆయన తల వంచి లోపలికి దూరాడు.