నా గొంతు ఆగిన ఆదివారాలు

ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. వరంగల్ కాశిబుగ్గలోని మా చిన్న చర్చిలో రెండో పాట నడుస్తోంది. మా దగ్గర పాట అందించడం అని ఒక పద్ధతి ఉంది. చదువు రాని పెద్దవాళ్ళు ఎక్కువ కాబట్టి, ముందు నిలబడ్డ మనిషి కీర్తనల పుస్తకం చూసి ఒక్కో వరుసా గట్టిగా చదివితే సంఘమంతా ఆ వరుస పాడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషిని నేనే. మూడో చరణం అందించబోతే నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు, ఉత్త గాలి వచ్చింది. అందరూ నా మొహం చూస్తూ ఆగిపోయారు. పాస్టరు అయ్యగారు చప్పున ప్రార్థన మొదలుపెట్టి నా పరువు కాపాడారు.

వారమంతా నాది జంపఖానాలు నేసే షెడ్డులో పని. మగ్గాల చప్పుడు మీద కేకేసి మాట్లాడటం అలవాటు. అదే గొంతుతో బుధవారం ఇళ్ళలో ప్రార్థనలు, శనివారం ఆడవాళ్ళకు బైబిలు పాఠం, ఆదివారం పాటలు. మా చర్చి స్త్రీల సమాజానికి నేనే నాయకురాలిని. నాయకత్వం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, అన్నీ నేనే చేయడం అని నిజాయితీగా చెప్పేదాన్ని. కుర్చీలు వేసేదీ నేనే, అవి వంకరగా ఉన్నాయని మళ్ళీ సర్దేదీ నేనే.

జలుబు చేసిందనుకున్నాను. మిరియాల కషాయం, ఉప్పునీళ్ళ పుక్కిలింత, మెడకు మఫ్లరు. ఒకరోజు గొంతు వచ్చేది, రెండు రోజులు పోయేది. నా భర్త ప్రభాకర్‌కు ప్రతిదీ వేళాకోళమే. "ఇల్లు జర నిమ్మళంగున్నదే సుగుణా, ఇంకో వారం గిట్లనే ఉండరాదు" అన్నాడు. రెండు నెలలు దాటాక మాత్రం నవ్వడం మానేసి, బండి మీద కూర్చోబెట్టుకుని హన్మకొండలో ఈఎన్‌టీ దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి పైపు పంపి ఎండోస్కోపీ చేసింది. నా గొంతు లోపల ఎట్లా ఉంటుందో టీవీలో నేనే చూశాను. "లెఫ్ట్ వోకల్ కార్డ్ మీద చిన్న పాలిప్, అంటే చిన్న కండ పెరిగిందమ్మా. సర్జరీ చేసి తీసేద్దాం. తీసింది బయాప్సీకి పంపుతం. రిపోర్టు వచ్చేదాక ఫికర్ పెట్టుకోవద్దు" అంది. బయాప్సీ అన్న మాట చెవిలో పడ్డాక ఫికర్ పెట్టుకోకుండా ఉండటం ఎవరి తరం? తిరిగి వస్తూ బండి వెనక కూర్చుని ఏడ్చాను. చావు కన్నా ఎక్కువగా, ఇక పాడలేనేమో అని భయపడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నిజం అదే.

సర్జరీ సాఫీగా అయింది. వారం రోజులు పూర్తిగా వాయిస్ రెస్ట్ అన్నారు. "ఒక్క మాట కూడ వద్దు. ఏదన్న ఉంటే రాసి చూపించుర్రి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ప్రభాకర్ ఒక పలక కొనుక్కొచ్చాడు. నేనూ బుద్ధిగా ఉన్నాననే అనుకున్నాను. కానీ అప్పటికి స్త్రీల ఆదివారం మూడు వారాల్లోకి వచ్చింది. ఏడాదికి ఒకసారి ఆరాధన మొత్తం ఆడవాళ్ళే నడిపే రోజు అది. ఎవరు ఏ పాట, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, పూలు ఎవరు తేవాలి, ఇవన్నీ నేను చెప్పకపోతే ఎట్లా? గొంతు ఎత్తొద్దు గానీ గుసగుసలాడితే ఏమవుతుంది అనుకుని, రోజూ ఫోనులో గుసగుసగా హుకుంలు జారీ చేశాను.

వారం తర్వాత మళ్ళీ పైపు వేసి చూసి డాక్టరమ్మ నొసలు ముడిచింది. "స్వెల్లింగ్ తగ్గలే. మాట్లాడిన్రా?"

నేను తల అడ్డంగా ఊపాను. పక్కన ప్రభాకర్ నన్ను పట్టిచ్చాడు. "మాట్లాడలే మేడం, గుసగుసలు పెట్టింది. పొద్దంత ఫోన్లనే."

"గుసగుసలతోని గొంతు ఇంకింత గుంజుకపోతదమ్మా. గిట్లనే చేస్తే పాత గొంతు రాదు. ఇంకో రెండు వారాలు పూర్తి రెస్ట్. తర్వాత స్పీచ్ థెరపీ." ఆ మందలింపు అయ్యాక కాగితం నా చేతికిచ్చింది. బయాప్సీ రిపోర్టు. క్యాన్సర్ కాదు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె కూడా నవ్వేసింది.

ఇంటికొచ్చాక మళ్ళీ ఫోను తీసుకోబోయాను. ప్రభాకర్ దాన్ని జేబులో వేసుకుని నా బైబిలు తెచ్చి ముందు పెట్టాడు. తెరిచిన పేజీలో నేను పెన్సిలుతో గీసిన గీతలే ఉన్నాయి. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులన్నీ తీరుస్తుంటే, వాళ్ళ మామ వచ్చి, ఇట్లా అయితే నువ్వూ అలిసిపోతావు, జనమూ అలిసిపోతారు, నమ్మకమైన వాళ్ళను చూసి పని పంచు అని చెప్పే చోటు.

"శనివారం క్లాసుల గీ పాఠం నువ్వు మూడుసార్లు చెప్పినవ్. నువ్వన్న ఒక్కసారి విన్నవా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. 'నేనేమన్నా మోషేనా?' అని పలక మీద రాశాను.

"మోషే విన్నడు మరి."

ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు. ఎట్లాగూ మాట్లాడకూడదు కాబట్టి నా అలక అతనికి తెలిసిందో లేదో. అయితే ఆ పేజీ మళ్ళీ చదివాను. అల్లుడిని మామ తిట్టలేదు, చేతగానివాడివి అనలేదు. అతని మీద జాలిపడ్డాడు. ఇన్నేళ్ళూ పాఠం చెబుతూ నేను ఆ జాలి సంగతే వదిలేశాను.

మర్నాడు సమాజం ఆడవాళ్ళను ఇంటికి పిలిపించి, కీర్తనల పుస్తకం వినోద చేతిలో పెట్టాను. వినోద డిగ్రీ చదివిన పిల్ల, ఎప్పుడూ వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. "నాతోని కాదక్కా, నా గొంతు చిన్నది" అంది. 'నాకు అది కూడా లేదు' అని రాసి చూపించాను. అందరూ పకపకా నవ్వారు. మిగతా పనులు వాళ్ళే పంచుకున్నారు.

స్త్రీల ఆదివారం నాడు మొదటిసారి రెండో వరుసలో కూర్చున్నాను. వినోద గొంతు నిజంగానే చిన్నది. అది వినడానికి జనం గుసగుసలు మానేసి నిశ్శబ్దంగా కూర్చున్నారు. నేను అరిచిన రోజుల్లో ఎన్నడూ అంత నిశ్శబ్దం లేదు. మూడో పాటలో పిల్ల కంగారుపడి రెండు పేజీలు ఒకేసారి తిప్పేసింది. వరుస దొరకలేదు. పాట ఆగింది. ఆ వరుస నా నాలుక చివరన ఉంది. నోరు తెరిచాను కూడా. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు నా పక్కనున్న ఎస్తేరమ్మ లేచింది. డెబ్బై దాటిన మనిషి, అక్షరం ముక్క రాదు. కళ్ళు మూసుకుని ఆ వరుస తప్పు లేకుండా అందించింది. ఆ తర్వాతి వరుస కూడా అందించింది. సంఘమంతా పైకప్పు ఎగిరేటట్టు పాడింది. ఆరాధన అయ్యాక ఆమె చేయి పట్టుకుని, నీకు ఎట్లా తెలుసు అన్నట్టు చూశాను.

"ఇరవయ్యేండ్ల సంది నీ నోటెంటనే ఇంటున్న గద బిడ్డా. అన్నీ వస్తయి. నువ్వు ఎన్నడన్న ఆగితే గదా మేం అందుకునేది" అంది.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం సర్జరీ బాగా అయినప్పుడు కూడా కలగలేదు.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. స్పీచ్ థెరపీలో నేర్పినట్టు రోజూ నీళ్ళు ఎక్కువ తాగుతాను, షెడ్డులో ఏదన్నా చెప్పాలంటే మగ్గం దగ్గరికే నడిచి వెళతాను. గొంతు కాస్త బరువుగా మారింది గానీ పాట పలుకుతుంది. నెలలో ఒక ఆదివారం నా వంతు. మిగతా ఆదివారాలు వినోదా మరో ఇద్దరూ అందిస్తారు, నేను హాయిగా అందుకుంటాను. కుర్చీలు ఇప్పటికీ వంకరగానే వేస్తారు. చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. మాట్లాడొద్దంటే గుసగుస కూడా వద్దు. మీరు లేకపోతే పని ఆగిపోతుందని నాలాగే వెనకాడుతుంటే, పుస్తకం ఎవరి చేతిలోనైనా పెట్టి వెళ్ళండి. వాళ్ళు పేజీ తప్పినా, మీ పక్కన ఒక ఎస్తేరమ్మ ఉండే ఉంటుంది.