తాత కళ్ళు తెరిచి మాట్లాడిన ఆదివారం

నోరిచ్చి, ఆ నోటిని మూసుకునే తెలివిని కూడా ఇచ్చిన నా ప్రభువుకు ముందుగా స్తోత్రం. ఎనభై దాటిన నన్ను జ్ఞాపకం చెదరకుండా ఇంతవరకూ నడిపించినందుకు మరోసారి స్తోత్రం.

మొన్న మనవరాలు తలకు రాసుకుందామని తెచ్చుకున్న ఆముదం సీసా మూత తీయగానే, మాచర్ల బండ్లబాట పక్కనున్న మా పల్లెలోని ప్రార్థన పాక కళ్ళ ముందుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా కిరసనాయిలు సరిగా దొరకని రోజులవి. గోడ గూళ్ళలో ఆముదం దీపాలు చిటపటలాడుతుండేవి. కింద నాపరాళ్ళ చల్లదనం, పైన కప్పు మీద వాన చప్పుడు, మిరప చేలల్లో కలుపు తీసి వచ్చిన ఆడవాళ్ళ చీరల్లోంచి తడి నల్లరేగడి వాసన, ఆరాధన అయ్యాక నాకు పెట్టడానికి నాయనమ్మ కొంగున ముడేసుకొచ్చిన వేయించిన వేరుశనక్కాయల వాసన, వీటన్నిటి మధ్య కళ్ళు మూసుకుని భక్తిగా కూర్చోవడం నాకు గగనంగా ఉండేది.

పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు సంఘ పెద్ద అయిన మా తాతే ఆరాధన నడిపించేవాడు. మా పల్లెలో ఒక అలవాటుండేది. ఎదురుగా అనలేని మాటను ప్రార్థనలో అనేవాళ్ళు. "ప్రభువా, పొరుగింటి కోడిపెట్టను తన గంప కింద మూసిన చెల్లెలి మనసు మార్చు" అని ఒకావిడ కన్నీళ్ళతో వేడుకుంటే, తెల్లారేసరికి కోడిపెట్ట ఇల్లు చేరేది.

ఆ ఏడు కృష్ణకు అవతల నైజాం ఇలాకాలో గొడవలు ముదిరి, జనం మూటలతో ఏరు దాటి వస్తున్నారు. అలా వచ్చినావిడ రాహేలమ్మ. చంకలో బిడ్డ, చేతిలో ఇత్తడి బిందె. తానూ క్రైస్తవురాలినే అంది. పల్లె చివర పాడుపడ్డ గొడ్లపాకలో చోటిచ్చారు గానీ, ఎవరూ ఆమెను నమ్మలేదు. మన కీర్తనే వేరే రాగంలో పాడుతుందేమిటని ఒకరు, మొగుడి సంగతి అడిగితే మాట దాటేస్తుందేమిటని ఇంకొకరు. దానికి తోడు రోజూ పొద్దుగూకే వేళ బిడ్డనెత్తుకుని ఏటి దారిన పోయి, అక్కడ ఒంటరిగా నిలబడి వచ్చేది. "ఎవరికో మన ఆనవాళ్ళు చెబతంది" అంది పక్కింటి మరియమ్మత్త, చేటలో జొన్నలు చెరుగుతూ. మా నాయనమ్మ కోళ్ళను వాకిట్లో గంప కింద కమ్మడం మానేసి ఇంట్లో కమ్మసాగింది. మేం పిల్లలం కూడా గచ్చకాయలాట ఆపేసి, ఆమె మూటలో ఏముందోనని పాక చుట్టూ తచ్చాడేవాళ్ళం.

ఒక ఆదివారం ముగింపు ప్రార్థనలో తాత గొంతు తగ్గించి, "ప్రభువా, మా మందలో తోడేలు చొరబడిందేమో, మాకు కనుపరచు" అన్నాడు. పేరు చెప్పలేదు. పాకంతా ఆమేన్ అంది. నేను వేళ్ళ సందుల్లోంచి చూశాను. మూసిన కళ్ళు మూసినట్టే ఉన్నా, తలలన్నీ కొద్దికొద్దిగా రాహేలమ్మ కూర్చున్న వెనక వరుస వైపు తిరిగాయి.

మర్నాడు బావి దగ్గర రాహేలమ్మకు ఎవరూ చేద ఇవ్వలేదు. కలుపు కూలికి పిలిచేవాళ్ళు ఆమె పాకను దాటుకుని పోయారు. వారం తిరక్కుండానే పాక ఖాళీ చేయమని కబురు కూడా వెళ్ళింది. పంపిందెవరంటే ఎవరూ చెప్పరు. ఆ వానల్లో, పసిబిడ్డతో, ఏరు దాటి వెనక్కి పోనూ లేదు, ఇక్కడ నిలవనూ లేదు.

ఆ సాయంత్రమే ఆమె మా అరుగు ముందుకొచ్చి నిలబడింది. తాత సంగటి తింటున్నాడు.

"పెద్దయ్యా, నన్ను మొకం మీద తిడితె జవాబు చెప్తుంటి. నువ్వు దేవునికి చెప్పినవ్. ఇగ నేనెవలితోని కొట్లాడాలె?"

తాత కంచం పక్కకు నెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె వెళ్ళాక నాయనమ్మ గుసగుసగా, "ఆ నంగనాచి మాటలకి కరిగిపోమాక. నిజంగానే దొంగదైతే ఏంది?" అంది.

"అయితే దేవుడు చూసుకుంటాడు. నాకేం తెలుసని నేనా మాటన్నానే?"

ఆదివారం వచ్చింది. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎంతకీ మాట రాకపోయేసరికి ఒక్కొక్కరే తెరిచారు. తాత కళ్ళు తెరుచుకునే నిలబడి ఉన్నాడు.

"పోయినవారం కళ్ళు మూసుకుని నేను మాట్లాడింది మీతో. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నా. ఇయ్యాల మీ మొకాలు చూసి చెబుతున్నా. రాహేలమ్మ గురించి నాకు చెడ్డ ఏమీ తెలవదు. నాకున్నది ఉత్త అనుమానం. మీరు ఆమేనన్నది దానికే. ఆమె పాక జోలికి ఎవరూ పోమాకండి."

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. బయటికొస్తూ మరియమ్మత్త, "ముసలాయనకి మందు పెట్టినట్టుందమ్మా" అంది.

అనుమానం పుట్టించినంత సులువుగా పోలేదు. ఆమె పాక నిలిచింది గానీ చేద ఇచ్చే చెయ్యి లేదు. మర్నాటి నుంచి తాతే పొద్దున్నే బావి దగ్గరికి పోయి, మా చేద ఆమెకిచ్చి, బిందె నిండేదాకా పక్కనే నిలబడేవాడు. మగవాళ్ళు నీళ్ళకు పోని పల్లెలో అది పెద్ద నవ్వులాట. "ఏం మామా, బిందె కూడా నెత్తికెత్తుకుంటావా ఏంది?" అనేవాళ్ళు. మంచి వక్త అని పేరున్న మనిషి, ఒక్క మాటకీ బదులివ్వలేదు. మిరప కోతల దాకా అలాగే నిలబడ్డాడు. ఒకరోజు ఆయనకు జ్వరమొస్తే, నాయనమ్మ గొణుక్కుంటూనే చేద తీసుకుని బయల్దేరింది. ఆ రోజు బావి దగ్గర ఎవరూ నవ్వలేదు. మరియమ్మత్త పక్కకు జరిగి చోటిచ్చింది.

రాహేలమ్మ ఏటి దారిన ఎవరి కోసం నిలబడేదో తాత చివరిదాకా అడగలేదు, మమ్మల్నీ అడగనివ్వలేదు.

ఇప్పుడా బావి పూడ్చేశారు. ప్రార్థన పాక ఉన్నచోట మైకులు పెట్టిన మందిరం లేచింది. పెద్దల ప్రార్థనలు ఊరవతలికీ వినబడుతున్నాయి. అన్న మాటకు పూచీపడి పొద్దున్నే వెళ్ళి నిలబడే పెద్ద మాత్రం నాకు కనబడడం లేదు. ఫోనులో "ఒక కుటుంబం దారి తప్పింది, ప్రార్థించండి" అని పేరు లేకుండా సందేశం వస్తుంది. అది పంపినవారి మనసును నేను శంకిస్తాను; అది ఎవరి కుటుంబమా అని వెతికే నా మనసును అంతకంటే ఎక్కువగా శంకిస్తాను. అందుకే మీరూ నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, నీతో అంటున్నట్టు పక్కవారికి వినిపించే మాటను మా పెద్దల నోట, మా నోట రానీయకు. ఇప్పటికే అనేసి ఉంటే, నవ్వులపాలైనా సరే, దాన్ని సరిదిద్దేదాకా నిలబడే ఓపిక ఇవ్వు. ఆమేన్.