మా కార్ఖానాలో పెళ్లి గుర్రం

కుంభారి కాలనీ నుంచి ఊళ్లోకి పోయే బస్సు మొన్న పొద్దున అక్కల్‌కోట్ రోడ్డు మీద ఆగిపోయింది. ముందు ఒక ట్రాక్టర్ మొరాయించింది. దాని మీద ఇల్లంత ఎత్తున ఎండు జొన్న సొప్ప. ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీటులో ఉన్నావిడ దుమ్మని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఇంకాస్త కిటికీకి జరిగాను. బాగా ఎండిన సొప్పకు పాలు కాగి అడుగంటేటప్పుడు వచ్చేలాంటి తియ్యటి వాసన ఉంటుంది. ట్రాక్టర్ తప్పుకుని, బస్సు కదిలి, నేను దిగవలసిన చోటు దాటిపోయింది కూడా. నేను మాత్రం దాజీ పేట్‌లో, మా పాత ఇంటి వెనక రేకుల కింద నిలబడి ఉన్నాను.

ఆ రేకుల కింద ఒకప్పుడు మా మామగారి మగ్గాలు నడిచేవి. చద్దర్లు, టవళ్లు నేసేవాళ్లు. దాన్ని ఇంట్లో అందరం కార్ఖానా అనేవాళ్లం. మామగారు పోయిన ఏడాదికే మగ్గాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి. మా ఆయన వేరేవాళ్ల కార్ఖానాలో పనికి కుదిరాడు. నేను ఎప్పటిలాగే బీడీలు చుట్టుకుంటున్నాను. ఏ పనీ లేకుండా మిగిలింది మా అత్తమ్మ ఒక్కతే. కాపురానికి వచ్చిన మర్నాటి నుంచి మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. మగ్గాల మోతలోనే పిల్లల్ని పెంచింది, ఆ మోతలోనే మధ్యాహ్నం కాసేపు ఒరిగి కునుకు తీసింది. మోత ఆగిపోయాక ఆ కునుకు కూడా పోయింది. "చెవులు బోసిగున్నయే" అనేది. వాకిట్లోకి కూడా వచ్చేది కాదు. ఎవరింట్లో పెళ్లికి పిలుపు వచ్చినా, "ముండమోసినదాన్ని, నాకెందుకు" అని గోడ వైపు తిరిగి పడుకునేది.

అటువంటి ఇంటికి ఒక వానాకాలం గుర్రం వచ్చింది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి తిప్పే చాచా ఒకాయన మా పేటలో ఉండేవాడు. మొదటి వానకే ఆయన గుర్రపుశాల గోడ కూలింది. ఎలాగూ ఆషాఢం నుంచి కార్తీకంలో తులసి పెళ్లి దాకా మావాళ్లలో ముహూర్తాలు ఉండవు. ఆ నాలుగు నెలలు ఖాళీ కార్ఖానాలో గుర్రాన్ని కట్టేసుకుంటానని వచ్చి అడిగాడు. మా ఆయన సరేనన్నాడు. అత్తమ్మ మంచం మీంచి లేవకుండానే, "మగ్గాలు నడిచిన జాగల లద్దెలు పడాల్నా? ఎంత గతి పట్టింది!" అంది. మర్నాడు వానలో తడుస్తూ తెల్లటి ఆడ గుర్రం మా సందులోంచి తల వంచుకుని లోపలికి వచ్చింది. పెళ్లిళ్లలో పూసలు, అద్దాలు, కుచ్చులతో చూసినదాన్ని ఏ అలంకారం లేకుండా చూస్తే, నగలు తీసి స్నానం చేసిన మనిషిలా అనిపించింది.

చాచా మొదట్లో పూటపూటకీ తానే వచ్చేవాడు. తరవాత గోడ పనిలో పడి రోజువారీ పనులన్నీ నాకు అప్పగించాడు. గుర్రాన్ని ఉంచుకోవడమంటే ఇంట్లో పసిపిల్లను ఉంచుకోవడమే. పొద్దున లేవగానే తొట్టి కడిగి కొత్త నీళ్లు పోయాలి. లద్దె ఎత్తాలి, తడిసిన గడ్డి తీసి పొడిది పరవాలి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. ఎండుగడ్డి ఒక్కసారే కుప్పగా వేయకూడదు. కట్ట విప్పి, దులిపి, బూజు పట్టిన పరకలు ఏరి, నీళ్లు చిలకరించి, కొద్దికొద్దిగా రోజంతా వేస్తుండాలి. సాయంత్రం నానబెట్టిన శనగలు. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంటే, తంబాకు ఘాటుకు అది నాలుగు వైపులా తుమ్మేది. ఆ తుమ్ములకు ఒకరోజు నా చాటలోది సగం ఎగిరి నీళ్లతొట్టిలో పడింది. తొట్టి మళ్లీ కడగాల్సి వచ్చింది. దాంతో నా చాటా నేనూ ముందు గదిలోకి మారాం.

నేను ముందు గదికి మారడంతో గడ్డి వేసే పని ఆలస్యమయ్యేది. ఆకలైతే అది కాలితో బండను కొట్టేది, టక్కు టక్కుమని. ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెళ్లి చూద్దును కదా, అత్తమ్మ గడ్డి కట్ట ముందు కూర్చుని, నూలు పోగుల్లో చిక్కు తీసినట్టు ఒక్కో పరక చూసి దులుపుతోంది. నన్ను చూసి, "ఏం జూస్తున్నవ్? దుమ్ము తోటే ఏసినవ్ పొద్దున. దగ్గొస్తది దానికి" అని కసిరింది. మర్నాటి నుంచి గడ్డి పని ఆమెదే. మూలన పడి ఉన్న మగ్గం తాళ్లన్నీ తీసి వల ఒకటి అల్లింది. అందులో గడ్డి నింపి వేలాడదీస్తే గుర్రం ఆబగా తినకుండా నెమ్మదిగా లాక్కుని తినేది.

చాచా దానికి నోరు తిరగని పేరేదో పెట్టుకున్నాడు. అత్తమ్మకు అది పలకడం రాలేదు. నన్ను పిలిచినట్టే దాన్నీ "ఏమే" అని పిలిచేది. పొద్దున్నే "ఏమే, లేసినవా?" అని అరిస్తే, ఇటు నేను "ఆఁ" అనేదాన్ని, అటు అది సకిలించేది. "నిన్ను గాదే" అని మా ఇద్దరిలో ఒకరికి చెప్పేది.

ఆ రోజుల్లో నాకు బాగా ఇష్టమైనది మధ్యాహ్నం వేళ. రేకుల మీద సన్నటి జల్లు పడుతుండేది. లోపలంతా ఎండుగడ్డి తియ్యటి వాసన. పైన అద్దం బిళ్లలోంచి దిగే వెలుతురులో గడ్డి పొడి మెల్లగా తిరుగుతూ బంగారం రజనులా కనపడేది. గుర్రం గడ్డి నములుతూనే ఉండేది, కర్ కర్, కర్ కర్మని, తడబాటు లేని ఒకే లయలో. దాని పక్కనే చాప పరుచుకుని, చేయి తల కింద పెట్టుకుని అత్తమ్మ నిద్రపోయేది. నిద్రలో ఆమె బొటనవేలూ చూపుడువేలూ కండె చుట్టుతున్నట్టు కదిలేవి. నేను గడపలో నిలబడి చూస్తూ, ఏ పనికి వచ్చానో మరిచిపోయేదాన్ని.

తులసి పెళ్లి అయింది. చాచా గోడ లేచింది, గుర్రాన్ని తీసుకుపోయాడు. మిగిలిన గడ్డి కట్టలు కూడా అత్తమ్మే ఆయన బండిలో వేయించింది. వేయించి, మంచం ఎక్కి గోడ వైపు తిరిగింది.

కొద్దిరోజులకే మా పేటలో తొలి పెళ్లి. పెళ్లికొడుకు ఊరేగింపు మా సందు మొగలో ఉండగా బ్యాండు ఒక్కసారిగా అందుకుంది. నాలుగు నెలలు నిశ్శబ్దానికి అలవాటుపడిన గుర్రం బెదిరింది. చాచా కళ్లెం పట్టి లాగుతున్నా వినకుండా, బాసింగం కట్టుకున్న పెళ్లికొడుకును వీపున మోసుకుంటూ మా సందులోకి తిరిగి, నేరుగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. వెనకే పెళ్లివాళ్లంతా! ఎవరు లాగినా, అదిలించినా కదలదు. ఒళ్లంతా వణుకుతోంది.

చాచా లోపలికి కేక వేశాడు. "అమ్మా! జర బయటికి రా. నువ్వు పిలిస్తేనే ఇంటది."

అత్తమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. "నేను రాను బిడ్డా. పెండ్లిపిలగానికి నేను ఎదురు రావొద్దు" అంది మెల్లగా.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ముసలాయన, "వద్దు వద్దు, వేరే గాడీ పిలవండి" అన్నాడు. అప్పుడు పెళ్లికొడుకు తల్లి గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే మనిషే. చిన్నప్పుడు ఆ పిల్లవాడికి జ్వరాలొస్తే అత్తమ్మే ఎత్తుకు తిరిగింది. వాడు ఆమెను పిన్నిని పిలిచినట్టు 'కాకీ' అని పిలిచేవాడు.

"వదినా, నీ సంకల పెరిగినోడు వాడు. నువ్వెదురొస్తే వానికేమైతది? రా, ముహూర్తం దాటిపోతది."

అత్తమ్మ నా వైపు చూసింది. నేను తలుపు రెక్క పూర్తిగా తీశాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుని బయటికి వచ్చింది. గుర్రం మెడ నిమిరి, "ఏమే, ఎందుకు బుగులు? నేనున్న గదా" అంది. అది మూతి తెచ్చి ఆమె భుజానికి ఆనించింది. పెళ్లికొడుకు పైనుంచి, "కాకీ, నువ్వే నడిపించు" అన్నాడు.

ఆమె కళ్లెం పట్టుకుని ముందు నడిచింది. బ్యాండువాళ్లు వెనక్కి పోయి, సన్నగా వాయించారు. ఇళ్ల గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడి చూశారు. మామగారు పోయాక సందు దాటని మనిషి, తెల్ల గుర్రం పక్కన, తొందర లేకుండా, పెళ్లి జరిగే మంగళ కార్యాలయం దాకా నడిచింది. అక్కడ కళ్లెం చాచాకు ఇచ్చి వెనుదిరగబోతే పెళ్లికొడుకు తల్లి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, దోసిట్లో అక్షింతలు పోసింది. అవి వేసేటప్పుడు అత్తమ్మ ఏడ్చింది. చాలా రోజుల తరవాత ఆ రాత్రి కడుపునిండా అన్నం తింది.

ఆ తరవాత ఆమె చాచా గుర్రపుశాలకు రోజూ పొద్దున నడిచిపోయి గడ్డి వేసి వచ్చేది. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లేది కూడా. ఇప్పుడు అత్తమ్మ లేదు. గుర్రమూ ముసలిదై చనిపోయిందని విన్నాను. మా కార్ఖానాలో ఎవరో బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తున్నారు. నా పెళ్లయినప్పటి నుంచి గడిచిన ఏళ్లలో చాలావాటికి మొహాలు లేవు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ ఒక్క వానాకాలం మాత్రం ఏ పొద్దుకా పొద్దు విడిగా, ఇంకా నాతోనే ఉంది.