ఇల్లు చూపించేటప్పుడు కళ్లు తుడుచుకోకూడదు

"... అది కాదే అక్కా, నువ్వు మధ్యలో అడ్డం రాకు. ఎక్కడున్నాను? ఆఁ, అటక దగ్గర. అటక మీంచి ఏమేం దిగాయనుకున్నావు? ఇత్తడి గంగాళం ఒకటి, రేడియో పెట్టె ఒకటి, సగం తిరగలి..."

"సగమేంటే?"

"పైరాయుంది, కిందరాయి లేదు. ఎవరో పట్టుకుపోయుంటారు."

"పట్టుకుపోయేవాడు సగం ఎందుకు పట్టుకుపోతాడే? నా దగ్గరుంది. గాలికి తలుపు కొట్టుకుంటోందంటే నువ్వే తెచ్చి ఆనించి పోయావు."

"నేనేనా? చూశావా మరి! సర్లే, నువ్వేం తిన్నావు?"

"మజ్జిగన్నం."

"పొద్దున?"

"రాత్రిదుంటే తిన్నాలే. ఒక్కదానికి ఏం వండుకుంటాం?"

మల్లేశ్వరి టీచరు ఫోను పెట్టేసి కాసేపు ఆ గంగాళం వంకే చూస్తూ కూర్చుంది. చిలకలూరిపేటలో ఉంటున్న ఇల్లు అమ్మి చీరాల పోదామని ఆవిడ పట్టుబట్టింది ఈ మజ్జిగన్నం గురించే. చీరాలలో ఉండే అక్క రాఘవమ్మకి నిరుడు భర్త పోయాడు. అప్పట్నుంచి పొయ్యి మీద గిన్నె ఎక్కడం దిగడం ఆవిడకి పెద్ద పనైపోయింది. ఒకప్పుడు ఇంటికొచ్చినవాళ్లకి మూడు కూరలు లేనిదే విస్తరి వెయ్యని మనిషి. ఇప్పుడు రాఘవమ్మ పక్కిల్లు అమ్మకానికొచ్చింది. గోడకి గోడ. వంటింట్లోంచి కేకేస్తే అవతల వంటింట్లో వినపడుతుంది. ఆ ఇంటాయన మంచివాడు, ఉగాది దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఎవరొస్తే వాళ్లకే. మల్లేశ్వరికేమో ఇది అమ్మితే గానీ అది కొనే దారి లేదు.

భర్త శివరామకృష్ణ పత్తి జిన్నింగు మిల్లులో గుమస్తాగా చేసి దిగిపోయిన మనిషి. చీరాల పోదామంటే ఆయన అడిగింది ఒకటే ప్రశ్న.

"సముద్రం దగ్గరేగా? చేపలు తాజాగా దొరుకుతాయా?"

"దొరుకుతాయి."

"అయితే పద."

ఇల్లు అమ్మిపెట్టే పని అంకయ్యకి అప్పజెప్పారు. పగలు పురుగుమందుల కొట్టు, ఆదివారాలు ఇళ్ల బేరాలు, ఇదీ అంకయ్య వ్యాపకం. మర్యాదస్తుడు. ఎంత మర్యాదస్తుడంటే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారనిపించే మాట ఆయన నోట్లోంచి పీకినా రాదు. బేరగాడికి ఇంత మర్యాద ఉండకూడదని మల్లేశ్వరికి తర్వాత తెలిసొచ్చింది.

ముందుగా ఇల్లు చూడ్డానికొచ్చింది పిడుగురాళ్లలో సున్నపు బట్టీలున్న ఆసామి. ఆయన మేడ మెట్లు సగం ఎక్కి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, గోడ పట్టుకుని దిగిపోయాడు. మేడ మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి మరి! ఏటా ఎండాకాలం మొదట్లో బస్తా కాయలు తెప్పించడం, ఎండబెట్టడం, ముచ్చికలు తీయడం, మిల్లుకి పంపి కారం ఆడించి అయినవాళ్లందరికీ డబ్బాలు పంచడం మల్లేశ్వరికి అలవాటు. ఇల్లు అమ్ముతున్నాం కదా, ఈ ఏటికి మానేద్దామన్న ఆలోచనే రాలేదావిడకి. పైగా, కొత్త ఊరు పోతున్నాం, అక్కడి కాయలు ఎలా ఉంటాయోనని ఈసారి రెండు బస్తాలు తెప్పించింది.

సాయంత్రం అంకయ్య ఫోన్ చేశాడు.

"టీచరుగారూ, ఇల్లు బానే ఉందన్నారండి. కాకపోతే ఇంట్లో సామానే కనపడింది, ఇల్లు కనపడలేదన్నారు. మేడ మీద ఘాటు కూడా కొంచెం..."

ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల కాంపోజిషన్లలో తప్పులు దిద్దిన మనిషి మల్లేశ్వరి. ఇన్నాళ్లకి తన తప్పులు దిద్దేవాళ్లు దొరికేసరికి ఆవిడకి హుషారు పుట్టుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే కొంగు బిగించింది. అటక ఖాళీ చేయించింది, అక్కకి ఫోన్లో ఏకరువు పెట్టింది ఆ సామానే. హాల్లో సోఫా ఒకటి, మంచం ఒకటి మిగిల్చి తక్కినవన్నీ పాతసామాన్ల వాడికి ఇచ్చేసింది. ఆ ఊపులో భర్త పడక్కుర్చీ కూడా బండెక్కిపోయింది. ఆయన వీధి చివరిదాకా పోయి బండి ఆపి, అందులో కూర్చుని, "దీంతోపాటు నన్నూ తూకమేసుకో నాయనా" అంటే వాడు కుర్చీ దించేసి పోయాడు.

ఇక మిరపకాయలు. రెండు బస్తాలూ కిందికి దింపించి, వంటింటి వెనక చిన్నగదిలో పోసింది. ఘాటు బయటికి పోకూడదని కిటికీలు మూసింది. పొట్టు ఎగిరి పడుతుందని ఫ్యాను ఆపింది. కొంగు ముక్కుకి చుట్టుకుని అందులోనే కూర్చుని ముచ్చికలు తీయడం మొదలుపెట్టింది. ఘాటు హాల్లోకి రావడం లేదు, నిజమే. మొత్తం ఆవిడ కళ్లలోకి పోతోంది.

తర్వాతి ఆదివారం గుంటూరు నుంచి బ్యాంకు ఉద్యోగుల జంట వచ్చింది. "ఐదు నిమిషాల్లో అక్కడుంటామండీ" అని అంకయ్య ఫోను. మల్లేశ్వరి చేతులకి సబ్బు రుద్దుకుని, ముక్కుకి చుట్టుకున్న ఆ కొంగుతోనే మొహం తుడుచుకుని, గబగబా వీధిలోకొచ్చింది. గుంటూరు కారం సబ్బుకి లొంగుతుందా? కళ్లు మంకెన పువ్వుల్లా ఉన్నాయి. ధారలు కారుతున్నాయి. తుడుచుకున్నకొద్దీ మండుతున్నాయి.

అయినా ఉత్సాహం ఆగుతుందా? ఆవిడ అసలే మాటకారి. గదిగదికీ తీసుకెళ్లి పాఠం చెప్పింది.

"ఈ గట్టు మీదే కూర్చోబెట్టి మా అమ్మాయికి అక్షరాలు దిద్దించానమ్మా..." అని ఒకసారి ముక్కు చీదింది. "ఈ కిటికీలోంచి పొద్దున్నే ఎండ ఎంత చక్కగా పడుతుందనీ..." అని కొంగు కళ్లకద్దుకుంది. "ఆ కరివేప చెట్టు నేనే నాటాను..." అనేసరికి పొలమారి మాట ఆగిపోయింది. బ్యాంకమ్మాయి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, "ఏం కాదు మేడమ్" అంది మెల్లిగా.

ఎంత మంచి పిల్లో అనుకుంది మల్లేశ్వరి.

సాయంత్రం అంకయ్య ఫోన్.

"ఇల్లు బాగా నచ్చిందంటండీ. కాకపోతే... అదీ... ఈశాన్యంలో రుబ్బురోలు ఉందనీ..."

మర్నాడు రుబ్బురోలు నైరుతికి పోయింది. అది మట్టిలో సగం దిగబడి ఉన్న రాయి. నలుగురు కూలీలు, ఒక గునపం, శివరామకృష్ణగారి నడుం కావలసొచ్చాయి. ఆయన మంచం మీద బోర్లా పడుకుని అమృతాంజనం రాయించుకుంటూ అన్నాడు.

"మల్లీ, ఆ వచ్చేవాళ్లు ఈసారి ఇంటాయన వాయవ్యంలో ఉన్నాడంటే నన్నేం చేస్తావే?"

"ఊరుకోండి. చెప్పిన తప్పు దిద్దుకోకపోతే ఎట్లా?"

మూడోసారి వచ్చినవాళ్లు వీరబాబు, అతని భార్య జ్యోతిర్మయి, తల్లి పిచ్చమ్మ. వీరబాబు పక్కనే స్పిన్నింగు మిల్లులో సూపర్వైజరు. ఇల్లు వాళ్లకి ఎంతగా నచ్చిందంటే జ్యోతిర్మయి వంటింట్లోకి పోతూనే, "అత్తయ్యా, ఫ్రిజ్ ఇక్కడ పెట్టుకుంటే సరిపోద్ది" అనేసింది. వీరబాబు అప్పుడే తన ఇల్లైనట్టు, వదులైన గేటు గడియ సరిచేసేశాడు. మల్లేశ్వరి గుండె గంతులేసింది. ఆ ఆనందంలో రెట్టింపు మాట్లాడింది. కళ్లనిండా నీళ్లతో, ఎర్రబడ్డ ముక్కుతో, బొంగురు గొంతుతో ఇల్లంతా తిప్పి చూపించింది. పోయేటప్పుడు పిచ్చమ్మకి బొట్టు పెడుతుంటే ఆవిడ మల్లేశ్వరి గడ్డం పట్టుకుని, "ఊరుకో తల్లీ, ఊరుకో" అంది.

మల్లేశ్వరి ఆ మాట పట్టించుకోలేదు. బేరం కుదిరిపోయిందన్న సంబరంలో అక్కకి ఫోను కొట్టింది.

"అక్కా, నీ పక్కింటికి వచ్చేస్తున్నానే! రోజూ పప్పుచారు పెట్టాలి నువ్వు, ఆఁ!"

"ముందు రా. వస్తే వండుతాను," అంది రాఘవమ్మ. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత కొంచెం ప్రాణం వినపడింది మల్లేశ్వరికి.

ఆ సాయంత్రం అంకయ్య ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఈవిడ చేస్తే ఎత్తడు. ఇంతలో రాఘవమ్మే చేసింది.

"మల్లీ, పక్కింటికి ఎవరో రేపల్లె వాళ్లొచ్చి చూసి పోయారే. మీరు రాకపోతే వాళ్లకే ఇచ్చేట్టున్నాడు. మరేం పర్లేదులే, మీకు వీలు కాకపోతే నేనేం అనుకోను."

"నేనేం అనుకోను" అన్న మాట అక్క నోటెంట వచ్చిందంటే లోపల బోలెడు అనుకుందన్నమాట. మల్లేశ్వరి గొడుగు తీసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో పురుగుమందుల కొట్టుకి నడిచింది. అక్కడ అంకయ్య ఇద్దరు రైతులకి ఏదో మందు డబ్బా చూపిస్తున్నాడు. ఈవిడని చూడగానే ఆ డబ్బా వెనక దాక్కుందామా అన్నట్టు మొహం పెట్టాడు.

"ఏవయ్యా అంకయ్యా, ఫోనెత్తవేం?"

"అయ్యో, టీచరుగారూ, కూర్చోండి, మజ్జిగ తెప్పిస్తాను..."

"మజ్జిగ మాట ఎత్తకు, నాకు ఒళ్లు మండుద్ది. వీరబాబు వాళ్లేమన్నారు? ఎక్కడుంది లోపం? ఏ మూల ఏం జరపాలి? చెప్పు, ఇవాళే జరిపిస్తాను."

అంకయ్య చేతులు నలుపుకున్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు.

"జరపడానికేం లేదండీ. ఇల్లు లక్షణంగా ఉందన్నారు. అదీ... ఆ పెద్దావిడ ఒప్పుకోటంలేదండి."

"ఎందుకని?"

"మీరు... మీరు ఏడ్చారంట గదండీ. ఇంత ఏడుస్తూ ఇల్లు వదిలే ఇల్లాలి దగ్గర కొంటే ఉసురు తగులుద్దంట. పచ్చగా కాపురం చేసుకునేవాళ్లు మీరు, ఆవిడ కన్నీళ్లు మనకొద్దురా అందంట. బ్యాంకు వాళ్లు కూడా ఆ మాటేనండీ. సున్నం బట్టీ ఆయన ఒక్కడే తప్ప."

"మరి నువ్వు రుబ్బురోలన్నావు?"

"ఏదో ఒకటి చెప్పాలి గదండీ! మీరంత బాధలో ఉంటే, మీరు ఏడ్చారు కాబట్టి బేరం పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

మల్లేశ్వరికి విషయం తలకెక్కడానికి కొంత వ్యవధి పట్టింది. ఎక్కాక నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. స్టాఫ్‌రూములో ఈవిడ నవ్వితే పక్క క్లాసులో పిల్లలు కూడా కారణం తెలియకుండా నవ్వేవాళ్లు, అలాంటి నవ్వు. నవ్వి నవ్వి, కళ్లెంట నీళ్లు కారి, బల్ల పట్టుకుని, "మిరపకాయలయ్యా! మిర..." అనబోయి మాట రాక మళ్లీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రైతులిద్దరూ గౌరవంగా తలలు దించుకున్నారు. అంకయ్య మంచినీళ్ల గ్లాసు పట్టుకొచ్చాడు.

"బాధపడకండి టీచరుగారూ. పోనీ అమ్మకం మానేద్దామండీ."

"మానేస్తే చంపుతాను! ఒరేయ్ అంకయ్యా, నేను ఏడవలేదురా! ముచ్చికలు తీస్తున్నాను. ఆ మాట పోయి చెప్పు వాళ్లకి."

"నేను చెబితే నమ్మరండీ. బేరం కోసం కట్టుకథ చెబుతున్నాడంటారు. మీరు ఇప్పుడు కూడా..." అని ఆవిడ మొహం వంక జాలిగా చూసి ఆగిపోయాడు.

ఇంటికొచ్చి భర్తకి చెబితే ఆయన మంచం మీంచే నడుం నిమురుకున్నాడు.

"అయితే నా నడుం ఊరికే పోయిందన్నమాట."

"మీ నడుం గోల సరే. ఇప్పుడేం చెయ్యాలి?"

"నువ్వు ఏడవలేదంటే ఎవడు నమ్ముతాడు? ముప్పై ఏళ్లున్న ఇల్లు. మామూలుగా ఎవరైనా ఏడుస్తారు."

ఆ మాట మల్లేశ్వరిని పట్టుకుంది. నిజమే కదా, మామూలుగా ఎవరైనా ఏడుస్తారు. లేచి ఒక్కో గదిలోకీ వెళ్లి నిలబడి చూసింది. అక్షరాలు దిద్దించిన గట్టు దగ్గర గట్టిగా ప్రయత్నించింది. కరివేప చెట్టు కొమ్మ పట్టుకుని, ఇదే ఆఖరు అని పైకి కూడా అంది. చుక్క రాలేదు. చెట్టుకి ఎరువెయ్యాలని మాత్రం గుర్తొచ్చింది. వంటింట్లో నిలబడితే కళ్ల ముందు కనపడింది ఈ వంటిల్లు కాదు, చీరాలలో గోడ అవతల అక్క చేసే పప్పుచారు. ఛీ, ఎంత రాతిగుండె మనిషిని నేను అనుకుంది. అనుకుని, ఆ రాతిగుండెలో ఇంత సంతోషం ఎలా పడుతోందో అర్థం కాక, అక్కడే పీట మీద కూర్చుండిపోయింది.

పిచ్చమ్మకి భయం ఇంటి మీద కాదు, కన్నీళ్ల మీద. ఆ భయాన్ని రుబ్బురోలు జరిపినట్టు జరపడం కుదరదు. మిరపకాయల కథ చెప్పినా ఆవిడ సగమే నమ్ముతుంది. చెప్పాల్సింది అది కూడా కాదు. గోడకి గోడ ఇల్లు, ఒంటరిగా మజ్జిగన్నం తినే అక్క, అక్కడికి పోవడానికి తాను కాలు గాలిన పిల్లిలా ఎలా తిరుగుతోందో, అది చెప్పాలి. అక్కచెల్లెళ్లున్న మనిషైతే పిచ్చమ్మకి ఇంకో మాట అక్కర్లేదు. లేకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

జ్యోతిర్మయి పోయేముందు తన నంబరు ఇచ్చింది, సెల్లులోనే ఉంది. ఇంకా మూడు కాలేదు. పెద్దావిడ అన్నం తిని నడుం వాల్చి ఉంటుంది. ఆవిడ లేచి మొహం కడుక్కుని, కాఫీ తాగి స్థిమితపడ్డాక, నాలుగింటికి జ్యోతిర్మయికి చేసి, "ఒక్కసారి మీ అత్తయ్యగారికి ఇవ్వమ్మా" అని అడగాలి.