ఖాన్‌సాబ్ షేర్వాణీకి నేను కుట్టిన గుండీ

నా కుట్టుపని గురించి నిన్న సాయంత్రం స్టేజీ మీద, మైకుల చెప్పిండ్రు. హాలంత విన్నది. ఆగుండ్రి, అప్పుడే ముబారక్ చెప్పకుండ్రి. చాయ్ తాగుకుంట మొత్తం వినుండ్రి.

పాతబస్తీల, జహనుమాల నా టైలర్ దుకాణం మీకు ఎరుకే. మిషిను పక్కన రేడియో ఉంటది. దాంట్ల ఖాన్‌సాబ్ గజల్ మొదలైతే చాలు, నా కాలు మిషిను తొక్కుడు ఆపేస్తది. పదేండ్ల సంది గంతే. ఆయన మొఖం మాత్రం ఎన్నడు చూడలే. నిన్న ఆయన ప్రోగ్రాం ఉన్నదని పక్క హోటల్ యూసుఫ్ భాయ్ రెండు పాసులు తెచ్చిండు. "తానం చేసి సీదా హాలుకు వస్త, నువ్వు గూడ జల్ది రా" అని ఇంటికి పోయిండు. నేను గూడ దుకాణం కట్టేద్దామని లేచిన.

అప్పుడే ముంగట ఒక అంబాసిడర్ ఆగింది. తెల్ల షేర్వాణీ వేసుకున్న ఒక పెద్దమనిషి దిగిండు. రొమ్ము మీది గుండీ ఊడి చేతులకు వచ్చింది.

"భాయ్, జరా యే బటన్ లగా దీజియే" అని గుండీ కుట్టమన్నడు.

దుకాణం బంద్ సాబ్ అననీకి నోరు తెరిచిన. ఆ గొంతు చెవుల పడ్డది. చేతుల తాళం మల్ల మిషిను మీద పెట్టిన. ఆ గొంతు నాకు తెల్వకపోతే ఇంక ఎవలకు తెలుస్తది?

"మీరు... ఖాన్‌సాబా?"

"జీ. ఒక గుండీ తక్కువున్న ఖాన్‌సాబ్" అని నవ్విండ్రు.

స్టూల్ తుడిచి ముంగట పెట్టిన. తుడిచింది ఎవరిదో కొత్త ప్యాంటు గుడ్డతోటి అని తర్వాత తెలిసింది. ఆయన కూసోలే. టైం లేదు, ఒంటి మీదనే కుట్టమన్నరు.

ఇరవై ఏండ్ల సంది కుడుతున్న. నిన్న సూదిల దారం ఎక్కియ్యనీకి ఏడుసార్లు పట్టింది. ఆయన నా చెయ్యి చూసిండ్రు.

"ఫికర్ మత్ కరో భాయ్. స్టేజీ ఎక్కే ముంగట నాకు గూడ గిట్లనే వణుకుతది" అన్నరు ఉర్దూల.

గంత పెద్ద మనిషి ఆ మాట ఎవరికి చెప్తున్నరు? నాకు.

నేను కుట్టుడు మొదలువెట్టిన. ఆయన గొంతు సాపు చేసుకుంటున్నట్టు మెల్లగ రాగం తీసిండ్రు. నా నుదురుకు ఆయన గొంతుకు జానెడే దూరం. ఇన్నేండ్లు రేడియోల విన్నది ఏంది మరి? అది ఎవరో గల్లీ చివరకెళ్లి పిలిచినట్టుండె. ఇదైతే ఆయన రొమ్ములకెళ్లి వచ్చి, సూది మీదికెళ్లి నా వేళ్లల్లకు పాకింది. కండ్లు వాటంతట అవే మూసుకపోయినయ్.

ఒంటి మీద గుండీ కుట్టేటప్పుడు లోపల రెండు వేళ్లు అడ్డం పెట్టాలె. ఈ పనిల మొదటిరోజు నేర్పేదే అది. నేను పన్నెండు కుట్లు గట్టిగ వేసిన. వేళ్లు మాత్రం పెట్టలే. ఆయన నా భుజం తట్టి పోయిండ్రు.

నేను దుకాణం కట్టేసి హాలుకు ఉరికి యూసుఫ్ భాయ్ పక్కన కూసున్న. హాలు నిండ జనం, ఉడకపోత. మొదటి గజల్ అయినంక ఖాన్‌సాబ్ షేర్వాణీ ఇప్పవోయిండ్రు. ఒక దిక్కు వచ్చింది. రెండో దిక్కు గుంజితే లోపలి కుర్తా గూడ లేస్తున్నది. తబలా ఆయన వచ్చి గుంజిండు. కుర్తా మెడ దాంక వచ్చింది. లోపల అడ్డం పెట్టని రెండు వేళ్లు నాకు అప్పుడు యాదికొచ్చినయ్.

ఖాన్‌సాబ్ గుండీ దిక్కు వంగి చూసిండ్రు. షేర్వాణీ మల్ల సర్దుకొని మైకు దగ్గరికి వచ్చిండ్రు.

"మీ షహర్ టైలర్ భాయ్ ఒకాయన నన్ను దీంట్ల బంద్ చేసిండు. పాడకుంట పోతనని భయపడ్డడేమో" అన్నరు.

హాలంత నవ్వు. నేను కుర్చీల కిందికి జారిన.

తర్వాత ఆయన కండ్లు మూసుకొని ఎత్తుకున్నరు. చెమట గడ్డం మీదికెళ్లి కారుతనే ఉన్నది, ఆయనకు సోయి లేదు. మాకు గూడ లేదు. రెండు గంటలు ఒక్కడు దగ్గలే. అయిపోయినంక జనం లేచి నిలవడి చప్పట్లు కొట్టిండ్రు.

బయటికి వచ్చేటప్పుడు యూసుఫ్ భాయ్ కండ్లు తుడుసుకుంట అడిగిండు. "గసుంటి మనిషిని కుర్తాకు కలిపి కుట్టినోడు ఎవడు భాయ్?"

"ఎవడో సికింద్రాబాద్ టైలర్ అయ్యుంటడు" అన్న. "మన దిక్కోళ్లు గట్ల కుడ్తరా?"