మూడో పిట్‌లో ఎనిమిది గంటలు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది రాస్తున్నది ఒళ్లు మండి.

ఖరగ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే ఒక ప్రైవేటు షెడ్డులో ప్లానింగ్ చూస్తాను. ఎవరు ఏ పిట్‌లో, అంటే వ్యాగన్ కిందికి దూరే గుంతలో, ఎన్ని గంటలు పనిచేయాలో కంప్యూటర్లో క్యూబ్ అనే అంచెల పట్టికలో ఉంటుంది. పైన షెడ్డు మొత్తం గంటలు, దాని కింద పిట్లు, ఇంకా కింద ఒక్కో పని. పైన కొత్త మొత్తం రాస్తే చాలు, పాత వాటాల ప్రకారం కిందికి అదే పంచేస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టు నిండని గడిని సున్నా చేసి, ఆ మిగులు పెద్ద గడులకు కలిపేయాలన్న నియమం నేనే పెట్టాను. అరకొర గంటలు కనిపిస్తే నాకు చిరాకు.

ఒక నెల మా మేనేజర్, "టోటల్ కమ్ కరో, నీచే కా సిస్టమ్ దేఖ్ లేగా" అన్నాడు. మొత్తం తగ్గిస్తే చాలట, కిందిది సిస్టమే చూసుకుంటుందట. తగ్గించి రాశాను. మొత్తం సరిపోయింది. కింది గడులు తెరవకుండానే సేవ్ నొక్కాను.

మూడో పిట్‌లో ఎర్రజెండా మనిషికి రోజుకు సరిగ్గా ఎనిమిది గంటలుండేవి. అవి ఏడుకు దిగి, నా నియమం వల్ల సున్నా అయిపోయాయి. ఒకరు వ్యాగన్ కింద దూరితే, అటు ఇంకో వ్యాగన్ రాకుండా రెండోవాడు జెండా పట్టుకుని బయట నిలబడాలి. ఇక్కడ రైలు పని చేసే ప్రతి ఇంట్లో చిన్న పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

ప్రకాశం మావ న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మా పక్కింటాయన, మా షెడ్డులోనే ఫిట్టర్. ఆ వారం ఆఫీసుకొచ్చి అడిగాడు: "ఏటి బాబూ, జెండా మనిసి ఏడీ? నానొక్కన్నే దూరాలేటి?" ప్లాన్ చూసి చెబుతానన్నాను. చూడలేదు. మర్నాడు పొద్దున్న పదకొండింటికి ఆయన కింద ఉండగా వెనక నుంచి వ్యాగన్లు తోశారు.

పని ఆపొద్దని సూపర్‌వైజర్ గట్టిగా చెబితేనే ఆయన దూరాడు. విచారణ కాగితంలో మాత్రం ఆయన అజాగ్రత్త అని రాశారు. చచ్చినవాడి మీద నెపం పెట్టి చేతులు దులుపుకున్నారు, సిగ్గులేని మనుషులు.

తర్వాతి నెల జెండా మనిషిని తిరిగి పెట్టమని అడిగాను. "ప్లాన్ మే నహీ హై" అన్నాడు మేనేజర్, ప్లాన్‌లో లేదని. పైగా మొత్తం ఇంకా తగ్గించమన్నాడు. పళ్లు కొరుక్కుంటూ రాశాను. ఈసారి కిందికి దిగి చూశాను. మూడో పిట్, జెండా: ఎనిమిది.

అలా జరగడానికి వీల్లేదు. సున్నా ఉన్న గడికి వాటా ఉండదు, ఎంత పంచినా దానికి వచ్చేది సున్నానే. పొరపాటున నేనే కొట్టానేమోనని తుడిచేసి మళ్లీ రాశాను. ఎనిమిది. గడికి తాళం వేశాను. అయినా ఎనిమిది. మొత్తం మాత్రం పెరగలేదు. ఆ గంటలు ఎక్కడివా అని వెతికితే, మేనేజర్ పర్యవేక్షణ గంటల గడి సున్నా అయి ఉంది.

ఎవరు ఏం మార్చారో చూపించే చిట్టాలో ప్రతి మార్పు పక్కనా నా పేరుంది. ఆ రెండు గడుల పక్కన ఖాళీ. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, పేరు లేకుండా మార్పు నమోదే కాదంది అక్కడి అమ్మాయి. ఫోటో తీసి పంపాను. ఆమె తిరిగి ఫోన్ చేయలేదు.

సంగతి తెలిసి మేనేజర్ నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని జెండా గడిలో తనే సున్నా కొట్టాడు. మధ్యాహ్నం మూడు గంటలు, నలుగురం వెనకే నిలబడి చూస్తున్నాం. పైన మొత్తం రాసి ఎంటర్ నొక్కగానే ఎనిమిది వచ్చింది. తన గడిలో సున్నా. "ఠీక్ హై, రఖ్ దో," సరే పెట్టెయ్ అని లేచిపోయాడు. జెండా మనిషిని పెట్టినందుకు ఫైల్లో కారణం సాంకేతిక లోపం అని రాశాడు. ఒక మనిషి చస్తే కదలనివాడు తన గంటలు పోతాయనేసరికి కదిలాడు. తలచుకుంటే ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

జెండా మనిషి వచ్చాక ఆ రెండు గడులూ మామూలుగానే ఉన్నాయి. ఎన్ని రకాలుగా పరీక్షించినా అలా మళ్లీ జరగలేదు. ఎందుకు జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు.

మొన్న ఆదివారం చర్చి బయట మావ భార్య మరియమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "జెండా మనిసిని మల్లీ ఎట్టినారంట గదా నాయినా. నువ్వే రాసినావంట. సల్లగుండు."

ఆ ఎనిమిది నేను రాయలేదని చెప్పాలి. చెబితే, మరి అంతకుముందు సున్నా ఎవరు రాశారని అడుగుతుంది. తల ఊపి ఇంటికి వచ్చేశాను.