తాళం వేసినవాళ్ళే తియ్యాలి

మా అత్తయ్య రేపు రిటైరవుతోంది. సన్మాన సభలో ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసి చదవమని యూనియన్ వాళ్ళు నన్ను అడిగారు. "కోడలివి, ఒకే ప్రెస్ మీద ఆవిడ ఒక షిఫ్టు, నువ్వు ఒక షిఫ్టు. నీకంటే ఎవరికి తెలుసు?" అన్నారు. సరేనన్నాను. సెక్రటరీ గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "మేనేజరుగారు కూడా వేదిక మీద ఉంటారమ్మా. ఆ రోజు గొడవ మాత్రం ఎత్తకు. ఓర్పు, మంచితనం, అలాంటివి రాయి," అని గొంతు తగ్గించి చెప్పాడు.

ఓర్పట! మా అత్తయ్యకు ఓర్పే ఉంటే ఆ ఇంట్లో నేను ఇంత నోరు పెంచుకోవలసిన అవసరమే వచ్చేది కాదు. ఆవిడ గురించి రాస్తూ ఆ రోజును వదిలేయడమంటే పెళ్ళి ఫొటోలోంచి పెళ్ళికూతుర్ని కత్తిరించినట్టే. రాసేది నేను, చదివేది నేను. మేనేజరుగారికి వినడం కష్టమైతే మంచినీళ్ళ గ్లాసు ఎలాగూ ఆయన ముందే పెడతారు.

మాది తలుపులకు బిగించే బందులు చేసే ఫ్యాక్టరీ. పెద్ద ప్రెస్ కింద ఇనప రేకు పెడతాం. పైనుంచి దిమ్మ దిగుతుంది, బందు ఆకారంలో ముక్క తెగి పడుతుంది. చెప్పుకుంటే అంతే పని. అత్తయ్యకు మాత్రం అదే లోకం. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే వాళ్ళ తలుపు తీసి వేసి చూస్తుంది. ఒకసారి చుట్టాల పెళ్ళిలో అందరూ భోజనాల దగ్గర ఉంటే, ఈవిడ స్నానాల గది తలుపు పట్టుకుని ఊపుతూ, "అమ్మాయ్, ఇటు రా! ఇవి మన బందులే!" అని కేకేసింది. లోపలినుంచి పెళ్ళికొడుకు మేనమామ "ఎవరది?" అని గావుకేక పెట్టాడు. నా తల కొట్టేసినట్టయింది. ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

అత్తయ్య వాళ్ళ అక్క కొడుకొకడు, చదువుకున్నవాడు, ఇంటికొచ్చి, "ఈ కాలంలో ఇంకా ఫ్యాక్టరీలేంటి పిన్నీ? పనంతా కంప్యూటర్లలోనే," అన్నాడు.

"ఆ కంప్యూటరున్న గదికి తలుపు లేదా నాయనా? ఆ తలుపేమన్నా గాల్లో వేలాడుతోందా?" అంది అత్తయ్య.

ఆ పెద్ద ప్రెస్ మీద మొదట పనిచేసింది ఆవిడ కాదు, మామయ్య. ఒక రోజు ఆయన చేతులు లోపల పెట్టి అచ్చు సరిచేస్తుంటే, మెషీన్ దగ్గర ఎవరూ లేరనుకుని అవతలినుంచి ఎవరో మెయిన్ స్విచ్ వేశారు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. కంపెనీ పెద్దలు పండ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చి, "కాస్త అజాగ్రత్తగా ఉన్నట్టున్నాడు," అన్నారు. ఆ ఒక్క మాటకు అత్తయ్యకు ఒళ్ళు మండిపోయింది. అంతకుముందు ఆవిడ ఆ గేటు దాటి ఎరగదు. మామయ్య చోట పని తనకిమ్మని పట్టుబట్టి చేరింది, చేరిన వారంలోనే యూనియన్ ఆఫీసుకు వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. వానాకాలమంతా షెడ్డు మొత్తం గొడుగులేసుకుని గేటు ముందు సమ్మె చేసింది. ఇళ్ళల్లో పొయ్యిలు సరిగ్గా వెలగలేదు, అయినా ఎవరూ లేచి లోపలికి పోలేదు.

ఆ సమ్మెతోనే ప్రతి ప్రెస్‌కూ రెండు బటన్లు వచ్చాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే దిమ్మ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నాక దిమ్మ కింద పెట్టడానికి మూడో చెయ్యి ఎవరికుంది? ఇంకా ప్రతి మనిషికీ ఒక సొంత తాళం ఇచ్చారు. మెషీన్‌లో తేడా కనబడితే మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి ఉన్న రంధ్రాల పట్టీకి ఎవరి తాళం వాళ్ళు వేసి, తాళంచెవి మెడలో వేసుకోవాలి. వేసినవాళ్ళే తియ్యాలి. సాక్షాత్తూ యజమాని వచ్చినా ముట్టుకోకూడదు. ఇది ఒప్పందంలో ఉంది, వాళ్ళూ సంతకం పెట్టారు.

ఇంట్లో మాత్రం మామయ్య చొక్కా గుండీలు ఇప్పటికీ పొద్దున్నే అత్తయ్యే పెడుతుంది. "పై గుండీ వదిలెయ్యవే, నాకు ఊపిరాడాలి," అంటాడాయన. "ఊపిరాడితే మాటలెక్కువవుతాయి," అని అదీ పెట్టేస్తుంది.

ఇక ఆ రోజు. నేను రెండో షిఫ్టుకు షెడ్డులోకి అడుగుపెట్టేసరికి పెద్ద ప్రెస్ చప్పుడు లేదు. స్విచ్‌కు అత్తయ్య తాళం వేలాడుతోంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతోంది. చుట్టూ జనం, ఎదురుగా మొహం మాడ్చుకున్న మేనేజరు. పక్కనున్న ప్యాకింగ్ అక్క నా చెవిలో సంగతి వేసింది. పెద్ద ఆర్డరు వచ్చిందట, తొందరట. అందుకని మేనేజరు ఎడమ బటన్‌ను నొక్కి పట్టేలా తీగతో కట్టించాడట. అప్పుడు కుడిచేత్తో ఒక్కటి నొక్కితే చాలు, ఎడమచేత్తో గబగబా రేకు తోస్తూ పోవచ్చు. పని జోరుగా సాగుతుంది, ఆ చెయ్యి ఉన్నంతకాలం. అత్తయ్య తీగ చూసింది, స్విచ్ ఆపింది, తాళం వేసి కూర్చుంది.

నేను వంగి ఆ తీగను చూశాను. గట్టిగా మెలేసి, కొన గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. మా ఇంట్లో బట్టలారేసే తీగ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. తలెత్తి వెతికాను. మా ఆయన అందరికంటే వెనక నిలబడి ఉన్నాడు.

మా ఆయన అదే షెడ్డులో ఫిట్టర్. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఏళ్ళ తరబడి టెంపరరీగానే ఉన్నాడు. మేనేజరు కట్టమన్నాడు, ఈయన కట్టాడు. తండ్రి చెయ్యి రోజూ ఇంట్లో చూస్తూ కూడా, తల్లి నడిపే ప్రెస్‌కు, పెళ్ళాం నడిపే ప్రెస్‌కు కట్టాడు.

"తీగ కొన భలే మడిచారండీ!" అన్నాను అందరి ముందే. "నా వేలికి గుచ్చుకుంటుందనా? ఎంత ప్రేమండీ!"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

మేనేజరు మమ్మల్ని పట్టించుకోలేదు. "చూడండమ్మా," అన్నాడు అత్తయ్యతో. "ఈ ఆర్డరు టైముకు అందకపోతే వాళ్ళు బయటి దేశం నుంచి తెప్పించుకుంటారు. అప్పుడు షెడ్డే మూసుకోవాలి. మీకు ఫ్యాక్టరీ కావాలా, పంతం కావాలా?"

"ఫ్యాక్టరీ కావాలనే తాళం వేశాను సార్," అంది అత్తయ్య, కాళ్ళూపడం ఆపకుండా. "బందులు చేసేది చేతులు. ఆ చేతుల్నే తీసేసుకుంటూ పోతే రేపు షెడ్డు ఎవరు నడుపుతారు, మీరా? ఇంకో నలుగుర్ని పెట్టండి, ఇంకో షిఫ్టు వేయండి. ఆర్డరు మేం అందిస్తాం. రెండు చేతులతో అందిస్తాం."

"అది నేను చూసుకుంటాను. ముందు తాళం తియ్యండి."

"తీగ విప్పించండి, తీస్తాను."

మేనేజరుకు పట్టరాని కోపం వచ్చింది. వెనక్కి తిరిగి మా ఆయన్ను వేలితో పిలిచాడు. "కట్టర్ తెచ్చి ఆ తాళం కొయ్యి. కోస్తే రేపే నిన్ను పర్మనెంట్ చేస్తాను. కొయ్యకపోతే గేటు అటుంది."

మా ఆయన కట్టర్ కోసం వెళ్ళాడు. అత్తయ్య కొడుకు వెళ్ళినవైపు చూడనైనా లేదు. ఆ తాళం తెగితే మరుక్షణం ఆ స్టూలు మీద కూర్చోవలసింది నేను. నా చేతులు కొంగులో దాచుకుని నిలబడ్డాను. ఈ మనిషి కోస్తాడు, కోసి ఇంటికొచ్చి నా మొహం ఎలా చూస్తాడు అనుకున్నాను.

ఆయన కట్టర్ పట్టుకుని వచ్చాడు. స్విచ్ ముందు నిలబడ్డాడు. "అమ్మా," అన్నాడు.

"నా పని నేను చేశానురా. నీ పని నువ్వు చెయ్యి," అంది అత్తయ్య.

కట్టర్ నేల మీద పెట్టాడు. నడుముకున్న తన తాళం తీసి, పట్టీలో తల్లి తాళం పక్క రంధ్రానికి వేసి నొక్కాడు. తాళంచెవి మెడలో వేసుకున్నాడు.

"ఏంటయ్యా ఇది?" అని అరిచాడు మేనేజరు.

"ప్రెస్ పాడైంది సార్." అన్నాడు మా ఆయన. "ఎడమ బటన్ పనిచెయ్యట్లేదు. పాడుచేసింది నేనే. రిపేరు చేసేటప్పుడు ఫిట్టర్ తాళం వెయ్యాలి. రూలు సార్."

అదే కట్టర్ ఎత్తి, తల్లి తాళం కొయ్యడానికి తెచ్చిన ఆ కట్టర్‌తోనే, తను కట్టిన తీగను పుటుక్కున కోశాడు.

నేను ఒక్క అంగలో వెళ్ళి నా తాళం వేశాను. ప్యాకింగ్ అక్క వేసింది. డ్రిల్లింగ్ వాళ్ళు, పాలిష్ వాళ్ళు వచ్చారు. పట్టీలో రంధ్రాలు అయిపోతే తాళానికి తాళం తగిలించారు. "అందరి మీదా యాక్షన్ తీసుకుంటాను!" అన్నాడు మేనేజరు. "తీసుకోండి సార్, ఆర్డరు మీరొక్కరే కూర్చుని చేసుకుందురు గాని," అని ఎవరో అన్నారు. ఆయన రుసరుసలాడుతూ తన గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాడు. ఆ తలుపుకున్నవీ మా బందులే.

తర్వాత ఎవరి తాళం వాళ్ళు తీసుకున్నారు. అందరికంటే చివర అత్తయ్య తీసింది. ఎడమ బటన్ ఒక్కటే నొక్కి చూసింది, దిమ్మ కదల్లేదు. కుడిది ఒక్కటే నొక్కింది, కదల్లేదు. రెండూ కలిపి నొక్కింది, ధభీమని దిగింది. స్టూలు దిగి దులుపుకుని, "రా అమ్మాయ్, నీ షిఫ్టు," అంది.

సాయంత్రం సంగతంతా అత్తయ్య మామయ్యకు చెప్పింది, తీగ కట్టిందెవరో కూడా దాచలేదు. ఆయన కొడుకును పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు పొద్దున అత్తయ్య గుండీలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వాణ్ణి రమ్మను," అన్నాడు. మా ఆయన వచ్చి తండ్రి ఎదురుగా నిలబడి ఒక్కొక్క గుండీ పెట్టాడు. మామయ్య ఆ ఒంటి బొటనవేలి చేత్తో కొడుకు భుజం పట్టుకున్నాడు. పై గుండీ దగ్గరికి వచ్చేసరికి మా ఆయన కళ్ళనీళ్ళతో ఏమీ కనబడక తడుముకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ రోజే మా ఆయన్ను గేటు బయట ఆపేశారు. షెడ్డు షెడ్డంతా ఆయన పక్కనే నిలబడింది. మధ్యాహ్నానికల్లా లోపలికి పిలిచారు. అదనపు మనుషుల్నీ పెట్టారు. ఆర్డరు అందించాం, మా వేళ్ళన్నీ మాకే ఉన్నాయి. అందించినందుకు హెడ్డాఫీసు వాళ్ళు మేనేజరుగారికి ఒక జ్ఞాపిక ఇచ్చారు, ఆయన బల్ల మీద ఉంది, మీరందరూ చూసే ఉంటారు. మా ఆయన మాత్రం ఇప్పటికీ టెంపరరీయే. ఆ సంగతి ఈ వేదిక మీదే, ఈ మైకులోనే అడుగుతున్నాను, సెక్రటరీగారు నా కొంగు లాగినా సరే.

రిటైరయ్యేవాళ్ళు కంపెనీ సామాను అప్పగించాలట. బూట్లు, చేతొడుగులు, తాళం. అత్తయ్య అప్పగిస్తుంది, ఆవిడకు కంపెనీ సొమ్ము అక్కర్లేదు. ఇక ఆ ముసలావిడ వెళ్ళిపోయింది కదా, ఎడమ బటన్‌కు మళ్ళీ తీగ కట్టొచ్చని ఎవరికైనా అనిపిస్తే ఒక్క మాట, మేనేజరుగారూ. ఆ ప్రెస్ మీద రేపటినుంచి మొదటి షిఫ్టు నాది. నా తాళం నా నడుముకే ఉంది.